మమ్మల్ని కూర్చోబెట్టకండి!

పోయిన సద్దుల బతుకమ్మనాడు జరిగిన ముచ్చట. ఆ ఏడు మా కాలనీలో నేను పేర్చిన బతుకమ్మే అందరికన్నా పెద్దది. గొప్పలు పోతున్నాననుకోకండి. తంగేడు, గునుగు, బంతి, పట్టుకుచ్చులు ముందేసుకుని తెల్లవారుతూనే కూర్చుంటే, పైన పసుపు గౌరమ్మను నిలిపేసరికి మధ్యాహ్నం రెండయింది. ఇత్తడి తాంబాళంతో కలిపి ఆరేడు కిలోలకు తక్కువుండదు. సాయంత్రం పట్టుచీర కట్టుకుని, బొట్టు దిద్దుకుని, తాంబాళం కింద చేతులు పెట్టానో లేదో పక్కింటివాళ్ళ కోడలు పిల్ల ఉరికొచ్చి నా చేతుల్లోంచి లాగేసుకుంది.

"అయ్యో టీచరమ్మా, మీరెందుకు మోస్తున్నరు? నడుం పట్టుకుంటది. మీరు పోయి మంచిగ కుర్చీల కూసోండ్రి."

ఆటస్థలం అంచున వరసగా పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. వాటి నిండా నా ఈడువాళ్ళు. ఒకామె మోకాలికి పట్టీ. ఇంకొకామె ఒళ్ళో మందుల సంచి. ఆ చివర మా వెనక వీధి వదిన. ఒకప్పుడు వాడకట్టు మొత్తానికీ పాట అందించిన గొంతు ఆమెది. ఇప్పుడు కూర్చున్నచోటే చప్పట్లు కొడుతూ, లోలోపల పాడుకుంటూంది. బతుకమ్మ చుట్టూ తిరగవలసినవాళ్ళం, దూరం నుంచి బతుకమ్మను చూసేవాళ్ళమైపోయాం!

ఆ పిల్ల మంచిది, పెద్దవాళ్ళంటే మర్యాద తెలిసిన పిల్ల. ఆమె మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ మర్యాద మీద. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఆ కోపంతోనే.

ఆడదానికి యాభై దాటాయంటే చాలు, ఇంటిల్లిపాదీ ఒకే మాట నేర్చుకుంటారు: కూర్చో! "బిందె నేను తెస్తా, నువ్వు కూర్చో." "బియ్యం సంచి తమ్ముడెత్తుతాడు, నువ్వు కూర్చో." "కిందెందుకమ్మా, కుర్చీలో కూర్చో." "కృష్ణా రామా అనుకుంటూ ఒక మూల కూర్చో." పెళ్ళయిన నాటి నుంచి నలభై ఏళ్ళపాటు "లే, లే" అని తరిమిన సంసారమే ఒక మంచిరోజు చూసుకుని "కూర్చో" అంటుంది. లేవమన్నప్పుడూ మన ఇష్టం అడగలేదు, కూర్చోమన్నప్పుడూ అడగలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే ముక్క. వయసు మళ్ళిన ఆడమనిషిని కూర్చోబెట్టి సేవ చేస్తున్నామనుకుంటున్నాం. అలా కూర్చోబెట్టే కొద్దీ ఆమె కాళ్ళలో, నడుములో ఉన్న బలాన్ని మనమే లాగేస్తున్నాం. ఆమెకు కావలసింది బరువు. కొలిచి, మెల్లమెల్లగా పెంచుకుంటూ, తన చేతులతో తాను ఎత్తవలసిన బరువు. నవ్వుతున్నారా? నవ్వండి. ఆరేళ్ళ కిందట నేనూ నవ్వినదాన్నే.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. నా మెట్టినిల్లు నల్లగొండ అయినా పుట్టిల్లు ఉమ్మడి పాలమూరు జిల్లా, మక్తల్ దగ్గర పల్లె. అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో కోడి కూయకముందే లేచి ఇసుర్రాయి ముందు కూర్చునేదట. ఇంటెడుమందికీ జొన్నపిండి ఇసిరి, చేదబావిలోంచి నీళ్ళు తోడి కాగులు నింపి, అప్పుడు పొయ్యి ముట్టించేది. నా చిన్నతనంలో ఆమె పిక్కలు ముట్టుకుంటే రాయిలా ఉండేవి. మేం చదువుకుని, ఉద్యోగాల్లో కుదురుకున్నాక అమ్మను మహబూబ్‌నగర్‌లో తమ్ముడింటికి తెచ్చుకున్నాం. జన్మంతా కష్టపడింది, ఇక సుఖపడనీ అనుకున్నాం. మెత్తటి సోఫా కొన్నాం. ఎదురుగా టీవీ పెట్టాం. మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికే అందించేవాళ్ళం. చూసినవాళ్ళు "పిల్లలంటే గిట్లుండాలె" అని మెచ్చుకునేవారు.

పదేళ్ళు సుఖపడింది. ఆ పదేళ్ళ చివర, నేలమీద కూర్చుంటే తనంతట తాను లేవలేని స్థితికి వచ్చింది. డెబ్భై ఆరో ఏట ఒక తెల్లవారుజామున స్నానాలగదిలో కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చక్కగానే జరిగింది. "పెద్దావిడ కదా, పడుకోనివ్వండి. తొందరేం లేదు" అన్నాడొక డాక్టరు. మాకూ ఆ మాటే రుచించింది. మంచం దిగనివ్వలేదు. ఒకరోజు కాళ్ళకు నూనె రాద్దామని కూర్చుంటే, రాయిలాంటి ఆ పిక్క నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇమిడిపోయింది. ఏడు నెలలు అలాగే ఉండి వెళ్ళిపోయింది.

డాక్టర్లు ఎముక అతికించారు. మిగతా మనిషిని మేం ప్రేమగా కరిగించేశాం.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. 2007లో అమెరికా వైద్యసంఘం పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. ఏ జబ్బూ లేని కొద్దిమంది వృద్ధులను పదిరోజులు మంచంమీదే ఉంచి చూశారు. ఆ పదిరోజుల్లో ఒక్క కాళ్ళలోంచే దాదాపు కిలో కండ పోయింది. పది రోజులకే కిలో! మేం ఏడు నెలలు పడుకోబెట్టాం. తుంటి ఎముక ఆపరేషనైన మనిషిని వీలైతే మర్నాడే పట్టుకుని నిలబెట్టాలని ఇప్పటి వైద్యం చెబుతుంది. ఈ మాట చెప్పేవాళ్ళు మాకు దొరకలేదు, వెదకాలన్న తెలివీ మాకు లేకపోయింది.

వయసుతోబాటు కండ కరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త గ్రీకు మాటల్లోంచి 'సార్కోపీనియా' అని పేరు తీశాడు. మాంసం కొరత అని దానర్థం. మన అమ్మమ్మలు ఎప్పుడో పెట్టారు పేరు: 'ఒళ్ళు ఉడిగిపోయింది' అని. కాకపోతే వాళ్ళూ మనమూ దాన్ని తలరాత అనుకున్నాం. పోరాడవచ్చునని ఎవరూ అనుకోలేదు.

ఇక నా కథ. అమ్మ పోయిన మరుసటేడు నాకు చక్కెర జబ్బు బయటపడింది. అప్పటికి యాభై ఏడేళ్ళు. మూడునెలల సగటు చూసే పరీక్షలో 7.8 వచ్చింది. నాకు తోడు లేకపోలేదు లెండి. భారత వైద్య పరిశోధన మండలివారి దేశవ్యాప్త సర్వే లెక్కలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్లమందికి పైగా చక్కెర జబ్బు ఉంది. ఇంకో 13 కోట్లమందికి పైగా దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్ళు నూటికి దాదాపు 40 మంది.

తీపి మానెయ్యమన్నారు, మానేశాను. నడవమన్నారు, ఎన్జీ కాలేజీ మైదానం చుట్టూ నడిచాను. కొంత తగ్గి, ఆ తర్వాత గీత గీసినట్టు అక్కడే ఆగిపోయింది. ఒకనాడు నా పాత విద్యార్థిని, ఫిజియోథెరపీ చదువుకున్న అమ్మాయి, ఇంటికొచ్చి నా గోడు విని, "టీచర్, చేతులు కట్టుకుని ఈ కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోండి" అంది. ఇంతేనా అనుకున్నాను. మూడోసారికి నా చేతులు వాటంతటవే విడిపోయి కుర్చీని పట్టుకున్నాయి. ఎదురుగా అమ్మ కనబడినట్టయింది.

ఆ అమ్మాయి చెప్పిన శాస్త్రం నాకు మన గుమ్మితోనే తలకెక్కింది. గుమ్మి తెలుసు కదా, వెదురుతో అల్లి, పేడతో అలికి, వడ్లో జొన్నలో పోసుకునేది. మనం తిన్న అన్నం చక్కెరై నెత్తుట్లోకి వస్తుంది. ఆ చక్కెరను దాచుకునే గుమ్ముల్లోకెల్లా పెద్దది కండ. ఇన్సులిన్ అనేది ఆ గుమ్మి మూత తెరిచే మనిషి. పంట ఎప్పట్లాగే ఇంటికొస్తూంటే, గుమ్మి మాత్రం ఏటేటా చిన్నదైపోతూంటే వచ్చిన గింజలు ఎక్కడ పోస్తారు? వాకిట్లో పోస్తారు. వాకిట్లో పోగుపడిన ఆ గింజలే పరీక్షల్లో కనబడే చక్కెర. మాత్రలు వాటి పని అవి చేస్తాయి, కాదనను. కానీ గుమ్మిని పెద్దది చేసే మాత్ర ఇంతవరకు ఏ మందుల దుకాణంలోనూ లేదు. ఇంకో విశేషం చూడండి. కండ గట్టిగా పనిచేస్తున్నంతసేపూ, ఇన్సులిన్ వచ్చి మూత తీసినా తీయకపోయినా, అది తనంతట తానే నెత్తుట్లోంచి చక్కెరను లాక్కుంటుంది.

ముట్లుడిగాక ఈ గుమ్మి కరగడం జోరందుకుంటుంది. ఎముక పలచబడుతుంది. కొవ్వు పొట్టకు మకాం మారుస్తుంది. అసలు మనవైపు చాలామందికి ముట్లు కాలం తీరి ఉడగవు కూడా. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. నలభై నిండకుండానే ఆపరేషన్, దానితోబాటు అండాశయాలు కూడా తీసేస్తే, పదేళ్ళ తర్వాత రావలసినది ఒక్క రోజులో వచ్చి మీద పడుతుంది. కుట్లు విప్పి ఇంటికి పంపేటప్పుడు "అమ్మా, ఇక నీ ఎముకా నీ కండా నువ్వు కాపాడుకోవాలి, ఇదిగో ఇలా" అని చెప్పి పంపేవాళ్ళు ఎందరు? "ఆరునెలలు బరువులెత్తకు" అని మాత్రం చెబుతారు. ఏడో నెల నుంచి ఎత్తమని ఎవరూ చెప్పరు. ఆ ఆరునెలలే అరవై ఏళ్ళవుతాయి!

"బాగుందమ్మా, వయసైపోయాక కండ పెరుగుతుందా? చచ్చిన చెట్టుకు నీళ్ళు పోసినట్టు!" అన్నది మా వదిన. అవును, ఆ కుర్చీలో వదినే. ఆమెకు నేను చెప్పిన జవాబు మీకూ చెబుతాను. అమెరికాలో బోస్టన్ నగరంలో మరియా ఫియాటరోనే అనే వైద్యురాలు ఒక వృద్ధాశ్రమంలో పదిమందిని ఎంచుకుంది. వాళ్ళ వయసు 86 నుంచి 96. ఎనిమిది వారాలపాటు కాళ్ళతో బరువులెత్తించింది. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండున్నర రెట్లకు పైమాటే. 1990లో వచ్చిన ఫలితమిది. 1994లో ఆవిడే నూరుమందితో మళ్ళీ చేసి చూస్తే అప్పుడూ బలం రెట్టింపు దాటింది. చెట్టు చావలేదు వదినా, మనం నీళ్ళు పోయడం మానేశాం, అంతే.

ఇక నామీద పడే బాణాలన్నీ ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది: "ఇంటిపని చాలదా? పొద్దున్నించి రాత్రిదాకా ఒళ్ళు వంచుతూనే ఉన్నాం కదా!" చాలదమ్మా. అలసటా బలమూ ఒకటి కాదు. రోజూ అదే చీపురు, అదే చెంబు, అదే గరిటె. కండ మహా లౌక్యం తెలిసినది. నిన్నటి బరువే ఇవాళా వస్తే దానికి సరిపడా బలం ఉంచుకుని ఊరుకుంటుంది. నిన్నటికన్నా గుప్పెడు ఎక్కువ వస్తేనే కొత్త బలం కూడగట్టుకుంటుంది. నడక కూడా అంతే. నడక గుండెకు మేలు, చక్కెరకు మేలు, మనసుకు మేలు, తప్పక నడవండి. కానీ నడక ఒక్కటే కండను పెద్దగా పెంచదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో, వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ చెప్పి ఊరుకోకుండా, కండను గట్టిపరిచే పని వారానికి కనీసం రెండురోజులు చెయ్యాలన్నది. అరవై అయిదు దాటినవాళ్ళయితే పడిపోకుండా నిలదొక్కుకునే సాధన, బలసాధన కలిపి మూడురోజులు చెయ్యాలన్నది. మన డాక్టర్లు మొదటి ముక్క చెబుతారు, రెండో ముక్క చీటీలో రాయడం మరిచిపోతారు.

రెండో బాణం గట్టిది. దీనికి మాత్రం తలవంచి జవాబు చెప్పుకోవాలి. "బరువులెత్తితే బాగుపడేట్టయితే, జన్మంతా రాళ్ళూ మట్టీ మోసిన మన పల్లె ఆడవాళ్ళు ఎందుకట్లా వంగిపోయారు?" అంటారు. ఇది పాలమూరు బిడ్డను అడగవలసిన ప్రశ్నే. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. నూట ఇరవై నాలుగు మీటర్ల ఎత్తున రాయీ సున్నమూ సిమెంటూ పేర్చి కట్టిన కట్ట అది. యంత్రాలకన్నా మనుషుల తలలే ఎక్కువ మోశాయి. ఆనాటి ఛాయాచిత్రాల్లో చూడండి, బారులు తీరిన ఆ తలల్లో తట్టలు పెట్టుకున్న ఆడవాళ్ళెందరో! పాలమూరు కూలి అంటే దేశంలో ఏ మూల ఆనకట్ట కట్టినా వినబడే పేరు.

కానీ ఆ బరువుకు కొలత ఉందా? బాలింతైనా ఎత్తాలి, జ్వరమొచ్చినా ఎత్తాలి. ఎత్తిన రోజు తర్వాత కండకు విశ్రాంతి కావాలి. ఇచ్చారా? కండ పెరగాలంటే పప్పు కావాలి, పాలు కావాలి. పెట్టారా? గటకలో ఇంత కారం కలుపుకుని తాగి మోశారు వాళ్ళు. అది బండచాకిరి. మేం అడిగే బరువు దానికి పూర్తిగా వేరు. వారానికి మూడురోజులు, రోజుకు అరగంట, కడుపునిండా తిని, ఇష్టపడి, ఎక్కడ ఆపాలో మనమే నిర్ణయించుకుని ఎత్తేది. నిప్పు ఇల్లు కాలుస్తుందని వంట మానేస్తామా?

ఇక మా నల్లగొండ వంగిన నడుముల సంగతి. అక్కడ నేరం బరువుది కానేకాదు, నీళ్ళది. భూమిలోంచి వచ్చే ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి ఎముకలు మొరటుగా గట్టిపడి, కీళ్ళు బిగుసుకుని, వెన్ను వంగిపోయింది. 1955లోనే నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు 'నల్లగొండ పద్ధతి' అనే పేరు పెట్టారు. మా ఊరి పేరు ప్రపంచానికెక్కిన తీరు చూశారూ! ఇప్పుడు కుళాయిల్లో నదీజలాలు వస్తున్నాయి. కానీ పాత నీళ్ళతో పెరిగిన ఎముకలు మాలో చాలామందికి ఉన్నాయి. అలాంటివాళ్ళు సొంతంగా ఏ బరువూ ముట్టుకోకూడదు. డాక్టరుకు చూపించుకుని, ఫిజియోథెరపీ తెలిసినవాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. వాళ్ళకు కావలసింది మరింత జాగ్రత్త. "నీ పని ఇంతే" అని మూల కూర్చోబెట్టడానికి అది సాకు కాకూడదు.

మూడో బాణం: "గర్భసంచి జారుతుంది." ఇప్పటికే జారినవాళ్ళు, మూత్రం ఆగనివాళ్ళు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టకుండా, ఎత్తేటప్పుడు గాలి వదులుతూ ఎత్తాలి. ఇంతమందికి గర్భసంచే లేకుండా చేసిన లోకం, ఉన్నవాళ్ళకు అది జారుతుందేమోనని దిగులుపడటం చూస్తే నాకు నవ్వొస్తుంది.

నాలుగో బాణం: "మగరాయుడిలా ఏమిటిది?" దీనికి జవాబు శ్రీకాకుళం బిడ్డ ఎప్పుడో చెప్పింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ స్త్రీ మన కరణం మల్లీశ్వరి. 2000 సంవత్సరంలో, సిడ్నీలో, ఒకసారి 110, ఒకసారి 130, మొత్తం 240 కిలోలు ఎత్తి మరీ తెచ్చింది. నేను ఎత్తేది పన్నెండు కిలోలు. మీసాలొస్తాయని భయపడేంత గొప్ప పనేం కాదు లెండి!

ఊళ్ళో ఒక జిమ్ముకు కూడా వెళ్ళి చూశాను. నిలువుటద్దాలు, చెవులు పగిలే పాటలు. కుర్రవాడొకడు వచ్చి, "ఆంటీ, మీకు బరువులొద్దు, ఆ మూల సైకిలుంది, తొక్కుకోండి" అన్నాడు. చూశారా, అక్కడ కూడా నన్ను కూర్చోబెట్టే సీటే చూపించాడు! ఇంటికొచ్చేశాను. మా అత్తమ్మవాళ్ళ కాలంనాటి సోల, తవ్వ, మానిక అటకమీద ఉంటే దింపాను. గట్టి గుడ్డసంచులు రెండు కుట్టి, ఒక్కోదాంట్లో సోలెడు జొన్నలు పోశాను. అదే నా జిమ్ము.

ఏం చేస్తానో చెబుతాను, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం, కూర్చోవడం. గోడకు చేతులానించి గోడను తోయడం. ద్వారబంధం పట్టుకుని మునివేళ్ళమీద లేవడం. సంచులు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం. చెరో చేత్తో సంచి పట్టుకుని వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం. ఒక్కోటీ ఎనిమిది నుంచి పన్నెండుసార్లు. చివరి రెండుసార్లు కష్టమనిపించాలి, నొప్పి మాత్రం రాకూడదు. ఒకరోజు చేస్తే ఒకరోజు ఆగాలి. తేలికైనప్పుడల్లా గుప్పెడు జొన్నలు కలపాలి. సోలెడు తవ్వెడైంది, తవ్వెడు మానికైంది. రక్తపోటు, గుండెజబ్బు, కంటి నరాల జబ్బు, ఇదివరకు విరిగిన ఎముకలు ఉన్నవాళ్ళు డాక్టరుతో చెప్పి మొదలుపెట్టండి. ఇన్సులిన్, చక్కెర మాత్రలు వాడేవాళ్ళు కళ్ళు తిరిగితే వెంటనే ఆపి ఏదైనా తీపి నోట్లో వేసుకోండి. నా సగటు ఇప్పుడు 6.7. మాత్ర మానలేదు, డాక్టరు ఒకటి తగ్గించారు. అంతకన్నా గొప్ప సంగతి, నేలమీద పద్మాసనం వేసుకుని కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేస్తున్నాను.

కానీ బరువొక్కటే చాలదు, కంచం కూడా మారాలి. మన పాత గటకా, జొన్నరొట్టే పోయి తెల్లన్నం ఇంటింటికీ వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైంది, 2025 ఉగాదినాడు మన హుజూర్‌నగర్‌లోనే రేషను సన్నబియ్యం మొదలైంది. ఆకలి తీర్చిన బియ్యాన్ని తప్పుపట్టను. ఇసుర్రాయికి తిరిగి పొమ్మనీ అనను, గిర్ని వచ్చి మన చేతులకు చేసిన ఉపకారం మా అమ్మకు తెలుసు. చేతికి పని పోయింది, కంచంలో అన్నం గుట్టయింది, పప్పు మాత్రం పెరగలేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో ఒంటిబరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. మనమేం తింటాం? అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చారు, ఇంత అన్నం, నంజుకోను తొక్కు. పప్పు పిల్లలకు, గుడ్డు మనవడికి, గడ్డపెరుగు ఆయనకు! కండ కావలసింది మనకు, త్యాగం చేసేది కండనిచ్చే ముద్దనే. మూత్రపిండాల జబ్బు లేనివాళ్ళు పప్పు, పెసలు, ఉలవలు, పల్లీలు, పెరుగు, తినేవాళ్ళయితే గుడ్డు ముందు తమ కంచంలో వడ్డించుకోండి. ఆకాశం ఊడిపడదు, నేను వడ్డించుకుని చూశాను.

కొడుకులారా, కోడళ్ళారా! అమ్మకు పుట్టినరోజుకు వాలుకుర్చీ కొనకండి, కూర్చున్న కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలదో లెక్కపెట్టండి. డాక్టర్లుగారూ! నెత్తురు తీసి చక్కెర చూస్తున్నారు, ఒక్క నిమిషం ఆమెను లేచి నిలబడమని కూడా చూడండి. 2022 నుంచి ఊరూరా క్రీడాప్రాంగణాలు వెలిశాయి. వాటిలో ఒక గంట మా ఈడు ఆడవాళ్ళకు కేటాయించండి. మహిళాసంఘాల అక్కల్లారా, నెలకోసారి పొదుపు లెక్కలు చూసుకుంటున్నారు కదా, ఒంట్లో కండ కూడా పొదుపేనని గుర్తుపెట్టుకోండి. ముసలితనంలో తీసుకునే ఆ సొమ్ముకు ఏ బ్యాంకూ అప్పివ్వదు.

మా వదిన మొదట నవ్వింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత ఒకనాడు పొద్దున్నే చేతిలో గుడ్డసంచితో వచ్చి, "నాక్కూడ గింత సోలెడు పోయరాదు" అంది. నాలుగునెలలైంది. మొదటిరోజు కుర్చీలోంచి రెండుసార్లు లేవడానికే నా భుజం పట్టుకుంది. మొన్న శుక్రవారం చేతులు కట్టుకుని తొమ్మిదిసార్లు లేచింది. లేచి, ఊపిరి తీసుకోకుండా పాట అందుకుంది!

ఈ ఏడు సద్దుల బతుకమ్మకు మేమిద్దరం చెరో తాంబాళం ఎత్తుకుని బయలుదేరుతాం. ఆ పక్కింటి కోడలు పిల్ల మళ్ళీ ఉరికొస్తుందని నాకు తెలుసు. చెప్పవలసిన మాట సిద్ధంగా పెట్టుకున్నాను.

"మాకు సాయం చేయాలని ఉందా బిడ్డా? అయితే పోయి మీ అత్తమ్మను ఆ కుర్చీలోంచి లేపుకురా."